ఎనిమిది నుంచి తొమ్మిది దాకా: చైనాలో మేం తిరిగిన 8 రోజులు

మొదటి రోజు, గురువారం, షెంజెన్

ముందు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. పోయిన దసరా సెలవుల్లో మావాడు, అప్పటికి పదో తరగతి, మా నాన్న ఫోన్లోంచి ఒక ఆటలో 14 వేల రూపాయలు పెట్టేశాడు. తుపాకీకి కొత్త రంగు, బొమ్మకు కొత్త చొక్కా, ఏముందో తెలియని పెట్టెలు. పిన్ నంబరు చెప్పింది మా నాన్నే. మనవడు అడిగితే కాదనలేడు కదా. బ్యాంకు మెసేజిలు చూశాక నాకు తెలిసింది, ఆ రాత్రి వాడి మీద చెయ్యి చేసుకున్నాను. 20 ఏళ్లుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను, బడిలో ఒక్క పిల్లాణ్ణి కూడా కొట్టలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరైనా ఫోన్ మాట ఎత్తితే చాలు, అందరికీ టెన్షన్.

మా తమ్ముడు షెంజెన్‌లో 9 ఏళ్లుగా ఉంటున్నాడు, ఎలక్ట్రానిక్స్ సామాను ఇండియాకు పంపే కంపెనీలో పని. "అక్కా, ఇక్కడ గవర్నమెంటే పిల్లల ఆన్‌లైన్ ఆటలకి టైమ్ పెట్టింది, వారానికి 3 గంటలే, తెలుసా" అన్నాడోసారి ఫోన్లో. స్టాఫ్ రూములో చెబితే మా వాళ్లందరూ "మనకూ అలాంటిది రావాలండీ" అన్నారు. నేనూ అదే అన్నాను. పరీక్షలైపోయి, వాడు పాసయ్యాక, మే నెల మూడో వారంలో వాణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి హాంకాంగ్ మీదుగా బయల్దేరాను.

హాంకాంగ్ విమానాశ్రయం నుంచి సరిహద్దు దాటి షెంజెన్ చేరేసరికి సాయంత్రమైంది. మరదలు వంకాయ కూర, పప్పుచారు చేసి పెట్టింది. తిని పడుకున్నాం, అంతే.

రెండో రోజు, శుక్రవారం, షెంజెన్

పొద్దున హువాచియాంగ్‌బెయ్ మార్కెట్‌కు వెళ్లాం. అంతస్తుల మీద అంతస్తులు, ఒక్కో కొట్టు మన కిళ్ళీ బడ్డీ అంత, ఒకడు స్క్రూలే అమ్ముతాడు, పక్కవాడు కెమెరా కళ్లే అమ్ముతాడు. మావాడు అక్కణ్ణుంచి కదలనంటాడు. మధ్యాహ్నం దాటాక నాన్‌షాన్‌లో టెన్సెంట్ కంపెనీ భవనం బయటి నుంచి చూశాం, రెండు ఎత్తయిన టవర్లు, మధ్యలో వంతెనలతో కలిపారు. దాని ఎదురుగా చెట్టు నీడలో కూర్చుని తమ్ముడు ఈ కథంతా చెప్పుకొచ్చాడు.

ఆ కంపెనీ 2015లో తెచ్చిన ఆటను ఇంగ్లీషులో ఆనర్ ఆఫ్ కింగ్స్ అంటారు, చైనాలో వాంగ్‌ఝె రోంగ్యావ్. అయిదుగురు ఒక జట్టు, ఎదుటి అయిదుగురి కోట కూల్చాలి. 2020 నాటికి రోజుకు సగటున 10 కోట్ల మంది ఆడేవాళ్లట, అంటే రెండు తెలుగు రాష్ట్రాల జనాభా కంటే ఎక్కువ మంది, ప్రతిరోజూ. 2017లోనే ప్రభుత్వ పత్రికలు ఈ ఆట మీద విరుచుకుపడ్డాయి. పిల్లల టైమ్ తినేస్తోందన్నది ఒక ఫిర్యాదు. లీ బాయ్ లాంటి మహాకవిని కత్తి పట్టుకుని చంపే వీరుడిగా చూపిస్తే రేపు పిల్లలకు చరిత్ర ఏం తెలుస్తుందన్నది ఇంకొకటి. మన పిల్లలకు పోతన చేతికి గద ఇచ్చి చూపిస్తే నాకెలా ఉంటుందో ఊహించుకున్నాను, ఆ కోపం నాకు అర్థమైంది. ఆ ఏడాదే కంపెనీ తనంతట తాను 12 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు గంట, 18 లోపు వాళ్లకు 2 గంటలు అని హద్దు పెట్టింది. 2019 నవంబరులో ప్రభుత్వమే రంగంలోకి దిగి, మామూలు రోజుల్లో గంటన్నర, సెలవుల్లో 3 గంటలు, రాత్రి 10 నుంచి పొద్దున 8 దాకా అసలు లేదు అంది. 2021 ఆగస్టు 30న వచ్చిన ఉత్తర్వు దాన్ని కూడా కోసేసింది: శుక్ర, శని, ఆదివారాల్లో, ప్రభుత్వ సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా, ఆ ఒక్క గంటే. 18 నిండేదాకా ఎవరైనా సరే. ప్రతి ఖాతాకూ గుర్తింపు కార్డు నంబరు ముడిపెట్టారు కాబట్టి వయసు దాచడం కుదరదు.

ఆ ఉత్తర్వుకు నెలరోజుల ముందు, ఆగస్టు 3న, షిన్హువా వార్తా సంస్థకు చెందిన ఒక పత్రిక ఆన్‌లైన్ ఆటల్ని మనసుకు పట్టే నల్లమందు అని రాసింది. ఆ రోజు టెన్సెంట్ షేరు ఒక దశలో 10 శాతానికి పైగా పడిపోయింది. తర్వాత ఆ మాట తీసేసి వ్యాసాన్ని మళ్లీ పెట్టారు. నేను సోషల్ టీచర్ని, నల్లమందు అనే మాట చైనాలో ఎంత లోతు గాయమో పాఠంగా చెప్పేదాన్ని. 1842లో హాంకాంగ్ చేజారింది నల్లమందు యుద్ధంతోనే. ఆ నల్లమందులో చాలా భాగం పండింది మన బీహారులో, అమ్మించింది ఈస్టిండియా కంపెనీ. నిన్న మేం దాటి వచ్చిన సరిహద్దు ఆ యుద్ధం గీసిన గీత నుంచి పుట్టిందే. ఒక ఆటకు ఆ పేరు పెట్టారంటే దాన్ని ఎంత పెద్ద శత్రువుగా చూశారో చూడండి.

నాకు మటుకు టైమ్ కంటే ముఖ్యంగా తోచింది డబ్బు సంగతి. 2019 నిబంధన ప్రకారం 8 ఏళ్ల లోపు పిల్లలు ఆటలో పైసా ఖర్చు పెట్టకూడదు, 8 నుంచి 16 లోపు నెలకు 200 యువాన్లు, 16 నుంచి 18 లోపు 400. 200 యువాన్లంటే సుమారు 2,400 రూపాయలు. అక్కడే కూర్చుని లెక్క వేసుకున్నాను, మావాడి 14 వేలు ఆ హద్దులో పట్టవు. ఇలాంటి హద్దు ఒకటి ఉంటే మా ఇంట్లో ఆ రాత్రి జరిగి ఉండేది కాదు. మన దగ్గర తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో డబ్బులు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని నిషేధించారు, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, మంచిదే. కానీ చొక్కాలూ పెట్టెలూ కొనే ఆట జూదం కిందికి రాదు.

ఇక రాత్రి సంగతి. తమ్ముడి పక్క ఫ్లాట్‌లో ఒక అబ్బాయి, 12 ఏళ్లు, ఆరో తరగతి. అమ్మానాన్నలు ఇద్దరూ ఉద్యోగాలకు పోయి 10 దాటాక వస్తారు. హునాన్ పల్లెటూరి నుంచి నాయనమ్మ వచ్చి వాణ్ణి చూసుకుంటోంది. ఇక్కడ నాయనమ్మని నైనై అంటారు. ఇండియా నుంచి అక్క వచ్చిందని తెలిసి మమ్మల్ని టీకి పిలిచింది.

మేం వెళ్లేసరికి 8కి 10 నిమిషాలు తక్కువ. పిల్లాడు సోఫాలో కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు, హోంవర్క్ పుస్తకాలు సంచీలో సర్దేశాడు, ఫోన్ పూర్తిగా చార్జింగ్ పెట్టాడు, పక్కన మంచినీళ్ల సీసా. పరీక్ష హాల్లో కొశ్చన్ పేపర్ కోసం చూసే పిల్లల్లా ఉన్నాడు. 8 కొట్టగానే ఆటలోకి వెళ్లాడు. ఒక మ్యాచ్ 15, 20 నిమిషాలు పడుతుంది. మొదటిది ఓడాడు, రెండోది గెలిచాడు, మూడోది అయ్యేసరికి 8:47. నాలుగోది మొదలుపెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. ఎందుకని మావాడు తమ్ముడి చేత అడిగించాడు. "మధ్యలో బయటికి తోసేస్తుంది, మిగతా నలుగురూ ఓడిపోతారు" అన్నాడు. ఆ 13 నిమిషాలూ తన వీరుణ్ణి తెర మీద అటూ ఇటూ తిప్పుతూ, చొక్కాలు మార్చి చూస్తూ గడిపాడు. 9కి తెర మీద ఒక గడి వచ్చింది, దానిలో రెండు లైన్లు, కింద ఒక బొత్తాం. నొక్కాడు. అయిపోయింది.

అప్పుడు ఆ గదిలో ఒక్క నిమిషం ఏ చప్పుడూ లేదు. వాడు కిటికీ వంక చూశాడు, మా వంక చూశాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. నైనై ఆపిల్ ముక్కలు కోసి పళ్లెంలో తెచ్చింది, రెండో చేత్తో తన ఫోన్ వాడికి అందించింది. దోయిన్, అంటే టిక్‌టాక్ కంపెనీ వాళ్లదే, చిన్న వీడియోలు. అందులో 14 ఏళ్ల లోపు పిల్లలకు రోజుకు 40 నిమిషాలే అని 2021లోనే హద్దు పెట్టారు, కానీ ఈ ఫోన్ నైనైది. మేం 10:30కి లేచి వచ్చేదాకా వాడు ఆ వీడియోలు చూస్తూనే ఉన్నాడు.

ఆమె మాతో చాలా మాట్లాడింది, తమ్ముడు తెలుగులో చెబుతూ వచ్చాడు. పోయిన చలికాలం దాకా ఆట కూడా ఆమె పేరు మీదే ఉండేదట. ఆడేది పెద్దవాళ్లేనా అని మధ్యలో ఆట మొహం చూపించమని అడిగితే పిల్లాడు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేవాడట. ఎలాగో చేసి చూపించింది: తడి చేతులు కొంగుకు, అదే, ఏప్రన్‌కు తుడుచుకుని, ఫోన్‌కు ఎదురుగా నిలబడి, కళ్లు ఆర్పి, తల కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, నోరు తెరిచి మూసింది. ఫొటో దిగేటప్పుడు నవ్వినట్టు నవ్వింది. కొడుకూ కోడలూ కనిపెట్టి గొడవ చేశాక మానేసిందట. "పాపం, వారమంతా చదువుతూనే ఉంటాడు, అమ్మానాన్నా ఇంట్లో ఉండరు, నాకేమో వాడికి చెప్పగలిగే పాఠాలు రావు, వాడు అడిగేది నా దగ్గర ఇదొక్కటే" అంది.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పిన్ నంబరు చెప్పేటప్పుడు ఆయన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

2021 సెప్టెంబరులో ఒక వార్త తెగ తిరిగిందట, 60 ఏళ్ల ముసలావిడ పేరు మీదున్న ఖాతా తెల్లవారుజామున 3 గంటలకు ఎదుటి జట్టు అయిదుగుర్నీ ఒక్క ఊపులో కొట్టేసిందని. కంపెనీ చూస్తే మొహం పరీక్షలన్నీ పాసైన ఖాతాయే.

మూడో రోజు, శనివారం, హాంగ్‌జౌ

షెంజెన్ నార్త్ నుంచి రైలు, సుమారు 7 గంటలు. పెట్టెలో మా ముందు వరసలో ముగ్గురు పిల్లలు, ముగ్గురి చేతుల్లోనూ పెద్దవాళ్ల ఫోన్లు.

హాంగ్‌జౌలో తమ్ముడి పాత స్నేహితుడొకడు స్టేషన్‌కు వచ్చాడు. 33 ఏళ్లు. ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో బొమ్మలు గీసేవాడు. చైనాలో ప్రతి ఆటకూ ప్రభుత్వం ఒక అనుమతి నంబరు ఇవ్వాలి, అది లేనిదే అమ్ముకోవడానికి లేదు. 2018లో 9 నెలలు ఆ నంబర్లు ఆపేశారు, మళ్లీ 2021 జులై నుంచి 2022 ఏప్రిల్ దాకా ఆపారు. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి, చిన్నవి చాలా మూతపడ్డాయి, అతనిదీ మూతపడింది. ఇప్పుడు లాంగ్‌జింగ్ తేయాకు తోటల దగ్గర ఒక చిన్న లాడ్జిలో పనిచేస్తూ, ఖాళీగా ఉన్నప్పుడు గోడల మీద బొమ్మలు వేస్తాడు. మళ్లీ ఉద్యోగం వెతకలేదా అని అడిగాను. "35 దాటితే ఎవరూ తీసుకోరక్కా, ఇంకా రెండేళ్ల కోసం ఎందుకు" అన్నాడు. అక్కడ ఈ మాట అందరికీ తెలుసు, 35 ఏళ్ల శాపం అంటారు.

వెస్ట్ లేక్ గట్టున నడుస్తూ రెండు మాటలు నేర్పించాడు నాకు. ఒకటి నెయ్‌జువాన్: లోపలికి చుట్టుకుపోవడం, అంటే సినిమా హాల్లో ముందు వరస వాళ్లు లేచి నిలబడితే వెనక అందరూ నిలబడి చూడాల్సి రావడం, ఎవరికీ ఇంకా బాగా కనిపించదు, కాళ్లు మాత్రం నొప్పెడతాయి. రెండోది తాంగ్ పింగ్: వెల్లకిలా పడుకోవడం. 2021 ఏప్రిల్‌లో ఒక యువకుడు ఇంటర్నెట్లో రాశాడు, ఉద్యోగం మానేసి రెండేళ్లుగా నెలకు 200 యువాన్లతో బతుకుతున్నానని, వెల్లకిలా పడుకోవడమే న్యాయమని. దేశమంతా పాకిపోయింది. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు, 996 అని పిలిచే ఆ పనివేళల్ని 2019లో అలీబాబా కంపెనీ పెట్టిన జాక్ మా వరమన్నాడు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పింది. అంటే పిల్లల ఆటకు 3 గంటల హద్దు పెట్టిన నెలలోనే పెద్దల పనికీ హద్దు గుర్తుచేశారు. పిల్లల హద్దు మటుకు 8 కొట్టగానే, 9 కొట్టగానే అమలవుతుంది. పెద్దల సంగతి పక్క ఫ్లాట్ అబ్బాయి అమ్మానాన్నల్ని అడిగితే తెలుస్తుంది.

సాయంత్రం ఈ-స్పోర్ట్స్ స్టేడియం బయటి నుంచి చూశాం. 2023లో ఇక్కడ జరిగిన ఆసియా క్రీడల్లో వీడియో గేములకు మొదటిసారి పతకాలు ఇచ్చారు, 7 బంగారు పతకాలు. వాటిలో పక్క ఫ్లాట్ అబ్బాయి ఆడే ఆటకు ఆసియా క్రీడల కోసం చేసిన రూపం కూడా ఉంది, బంగారం చైనాకే వచ్చింది. మావాడు దీని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "అమ్మా, 18 దాకా వారానికి 3 గంటలే ఆడితే వీళ్లు ఎప్పుడు నేర్చుకుంటారు?" అన్నాడు. ప్రొఫెషనల్ లీగుల్లో కూడా 18 నిండనిదే ఆడనివ్వరు. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఆ బొమ్మలు గీసేవాడి దగ్గరా లేదు.

నాలుగో రోజు, ఆదివారం, షాంఘై

ఆదివారం ఇక్కడికే రావాలని తమ్ముడు ముందే అనుకున్నాడు. పీపుల్స్ పార్కులో శని, ఆదివారాలు పెళ్లి సంబంధాల సంత. నేల మీద వరసగా తెరిచిపెట్టిన గొడుగులు, ఒక్కో గొడుగు మీద ఒక కాగితం: పుట్టిన సంవత్సరం, ఎత్తు, చదువు, జీతం, షాంఘై హుకోవ్, అంటే స్థానిక నివాస హక్కు, ఉందా లేదా, సొంత ఫ్లాట్ ఉందా. గొడుగు పక్కన పీట వేసుకుని అమ్మలో నాన్నలో. అబ్బాయిలూ అమ్మాయిలూ ఎక్కడా కనబడరు.

మన పెళ్లిళ్ల పేరయ్యల డైరీలు గుర్తొచ్చాయి నాకు, ఎత్తు, రంగు, శాఖ, అమెరికా. ఒకావిడ దగ్గర ఆగాం. కూతురు 1993లో పుట్టింది, ఎంఏ, మంచి జీతం. "ఆ అమ్మాయికి తెలుసా మీరిక్కడ కూర్చున్నారని?" అని అడిగించాను. తెలుసట, కోప్పడుతుందట. "దానికి ఇద్దరు స్నేహితురాళ్లు, ఒక పిల్లి, ఫోన్లో ఆటలు, బాగానే ఉన్నానమ్మా అంటుంది. నేను పోయాక ఎవరున్నారని నా భయం" అంది. ఆవిడ మాట వింటూంటే నా గొంతులో ఏదో అడ్డుపడింది.

2013లో చైనాలో నమోదైన పెళ్లిళ్లు 1 కోటి 34 లక్షలు. 2024లో 61 లక్షలు. ఈ లెక్క చూసినప్పుడల్లా ఆ గొడుగుల వరస కళ్లముందుకొస్తుంది. చిన్నప్పుడు ఇంకొక పిల్లాడితో వీధిలో ఆడుకోవడానికి టైమ్ దొరకని తరం ఇది, చదువు, ట్యూషను, పరీక్ష. ఒక్కరే సంతానం అన్న నియమం వల్ల ఇంట్లో అన్నదమ్ములు కూడా లేరు చాలామందికి. జట్టుగా ఆడింది ఫోన్లోనే. ఇది నా ఊహే, కానీ నలుగురు ఓడిపోతారని మ్యాచ్ మొదలుపెట్టని ఆ 12 ఏళ్ల పిల్లాడిని చూశాక, వాడు ఫోన్లో ఆడుకుంటున్నది ఆట ఒక్కదానితోనే కాదని నాకు గట్టిగా అనిపించింది. ఆ నలుగురితో.

అయిదో రోజు, సోమవారం, బీజింగ్

షాంఘై నుంచి బీజింగ్ 1,318 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. దారంతా గోధుమ పొలాలు. మావాడు నిద్రపోయాడు. నేను పిల్లల ఆటల మీద చదువుదామని దాచుకున్న కాగితాలు చదివాను. 2022 నవంబరులో అక్కడి గేమ్ పరిశ్రమ సంఘం ఇచ్చిన నివేదికలో 75 శాతానికి పైగా పిల్లలు వారానికి 3 గంటల్లోపే ఆడుతున్నారు కాబట్టి వ్యసనం సమస్య దాదాపు తీరిందన్నారు. 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, చైనాలో సుమారు 700 కోట్ల గంటల ఆట వివరాలు తీసుకుని 2019 నిబంధనకు ముందూ తర్వాతా పోల్చారు. అతిగా ఆడేవాళ్లు తగ్గారనడానికి వాళ్లకు ఆధారం దొరకలేదు. అందులో పిల్లల్ని విడిగా చూడలేదు, 2021 నిబంధన లెక్కలోకి రాలేదు, కాబట్టి దాన్ని పట్టుకుని అంతా దండగ అనేయడం సరికాదు. టెన్సెంట్ లెక్కలు చూస్తే, 2021 సెప్టెంబరులో వాళ్ల ఆటల మొత్తం సమయంలో 18 లోపు పిల్లల వాటా 0.7 శాతం, అంతకుముందు ఏడాది 6.4. కానీ ఏ లెక్కలోనూ నైనై మొహం పిల్లాడి కింద రాదు, 60 దాటిన పెద్దావిడ కిందే వస్తుంది.

ఆరో రోజు, మంగళవారం, బీజింగ్

పొద్దున యోంగ్‌హెగోంగ్ గుడికి వెళ్లాం. టిబెట్ బౌద్ధుల గుడి, 1744లో రాజభవనాన్ని గుడిగా మార్చారు. ఒకే గంధపు చెట్టు మానుతో చెక్కిన మైత్రేయ బుద్ధుడు, నేల మీద 18 మీటర్లు. నేను ముసలివాళ్లు ఉంటారనుకుని వెళ్లాను, చూస్తే అంతా 20, 25 ఏళ్ల వాళ్లు. అగరొత్తులు కట్టలుగా పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడ్డారు, పూసల కంకణాలు అమ్మే చోట పెద్ద క్యూ. ఉద్యోగం కోసం అని కొందరు, పీజీ ఎంట్రన్స్ కోసం అని కొందరు చెప్పారు తమ్ముడికి. 2023 జూన్‌లో నగరాల్లో 16 నుంచి 24 ఏళ్ల వాళ్ల నిరుద్యోగం 21.3 శాతం అని ప్రకటించి, ఆ తర్వాత కొన్ని నెలలు లెక్క చెప్పడమే ఆపేశారు, పద్ధతి మార్చి మళ్లీ మొదలుపెట్టారు. చిలుకూరులో వీసా కోసం ప్రదక్షిణలు చేసే మన పిల్లలు కళ్లముందు మెదిలారు. ఆ పిల్లల మొహాల్లో ఉన్న ఆశ ఇక్కడ అంతగా లేదు, అలసట ఉంది.

సాయంత్రం హైదియాన్ వైపు వెళ్లాం, యూనివర్సిటీలుండే ప్రాంతం. ఒక ఇంటర్నెట్ సెంటర్, వాంగ్‌బా అంటారు, చూపిస్తానని తమ్ముడు తీసుకెళ్లాడు. తలుపు మీదే బోర్డు, 18 ఏళ్లు నిండనివాళ్లకు ప్రవేశం లేదు. మావాడి పాస్‌పోర్ట్ చూసి కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే వద్దంది. ఆ బోర్డు వెనక ఒక విషాదం ఉంది. 2002 జూన్ 16న ఇదే హైదియాన్‌లో లాన్‌జీసు అనే నెట్ సెంటర్‌కు నిప్పు పెట్టారు, 25 మంది చనిపోయారు, ఎక్కువమంది కాలేజీ పిల్లలే. కిటికీలకు ఇనుప ఊచలు. పెట్రోలు పోసిన పిల్లలకు 13, 14 ఏళ్లు, లోపలికి రానివ్వలేదని కోపం. చైనాలో ఆటల గురించి ఎవరు మాట్లాడినా ఆ భయం ఎక్కడో అడుగున ఉంటుందని నాకనిపించింది.

భయపడిన అమ్మానాన్నలు ఇంకా దూరం పోయారు. పిల్లల్ని ఇంటర్నెట్ వ్యసనం మాన్పించే శిబిరాల్లో వేశారు. షాన్‌డాంగ్‌లో ఒక చోట కరెంటు షాకులు ఇచ్చేవాళ్లు, 2009లో ఆరోగ్య శాఖ ఆపమంది. అదే ఏడాది గ్వాంగ్షీలో 15 ఏళ్ల అబ్బాయి శిబిరంలో చేర్చిన కొన్ని గంటలకే దెబ్బలు తాళలేక చనిపోయాడు. మావాడికీ ఇప్పుడు 15. ఆ సంగతి తమ్ముడు చెబుతుంటే ఫుట్‌పాత్ మీద ఆగిపోయాను. ఆ పిల్లాణ్ణి తీసుకెళ్లి దింపి వచ్చిన అమ్మానాన్నలు కూడా వాడి మంచికే అనుకుని ఉంటారు. దసరాకు నా చెయ్యి లేచినప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆ రాత్రి హోటల్లో మావాడితో మొదటిసారి ఆ మాట ఎత్తాను, "కొట్టడం తప్పు, సారీ రా" అన్నాను. వాడు ఫోన్ పక్కన పెట్టి, "నేను కూడా తాతయ్యకి సారీ చెప్పలేదమ్మా" అన్నాడు.

ఏడో రోజు, బుధవారం, దాతోంగ్

ఈ ఊరు మావాడి కోరిక. 2024 ఆగస్టు 20న బ్లాక్ మిత్ వూకాంగ్ అనే ఆట వచ్చింది, చైనాలో తయారైంది, కోతి రాజు సున్ వూకాంగ్ కథ. మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది. అందులో కనిపించే పాత గుళ్లూ విగ్రహాలూ చాలావరకు షాన్‌షీ రాష్ట్రంలోవే, కంప్యూటర్లో ఊహించి గీసినవి కావు, అసలు కట్టడాల్ని కొలిచి తీసుకున్నవి. అప్పటి నుంచి కుర్రాళ్లు షాన్‌షీకి క్యూ కట్టారు. బీజింగ్ నుంచి దాతోంగ్‌కు రైల్లో సుమారు 2 గంటలు.

యున్‌గాంగ్ గుహలు. అయిదో శతాబ్దం, కొండ పొడవునా తొలిచినవి, 51 వేల విగ్రహాలు. 20వ గుహ ముందు గోడ ఎప్పుడో పడిపోయి బుద్ధుడు ఆరుబయట కూర్చుని ఉంటాడు, 13 మీటర్లకు పైనే. దాని ముందు నిలబడి ఒక అమ్మాయి, కాలేజీ పిల్ల, ఫోన్లో ఆటలోని బొమ్మను అసలు విగ్రహం పక్కన పెట్టి పోల్చుకుంటోంది. మావాడు వెళ్లి చూశాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, అనువాదం చేసే యాప్ ఉంది. పావుగంట మాట్లాడుకున్నారు, ఏ గుహ ఏ మజిలీలో వస్తుందని. వచ్చి నాకు చెబుతున్నాడు: "అమ్మా, ఇక్కడికి బౌద్ధం మన వైపు నుంచే వచ్చిందట కదా, నాగార్జునుణ్ణి వీళ్లు లాంగ్‌షు అంటారట." నాగార్జునకొండకు వాళ్ల క్లాసును రెండుసార్లు తీసుకెళ్లాను నేను, పడవలో వీడు పాటలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు, ఇంత దూరంలో, ఒక ఆట పుణ్యమా అని వాడి నోటి నుంచి ఆ పేరు వినడం నాకెంత సంతోషమనిపించిందో చెప్పలేను.

నల్లమందు అన్నదీ ఆటనే, ఈ పిల్లల్ని ఇక్కడికి లాక్కొచ్చిందీ ఆటనే. ఆటల మీద వచ్చే ఆదాయం కోసం పెట్టెలు తెరిపించేది వేరు, ఒకసారి డబ్బిచ్చి కొనుక్కుంటే కథ చివరిదాకా తీసుకెళ్లేది వేరు. 2023 డిసెంబరులో ఆ పెట్టెలనూ రోజూ లాగిన్ అయితే ఇచ్చే బహుమతులనూ కట్టడి చేసే ముసాయిదా ఒకటి చైనాలో బయటికొచ్చింది. ఒక్కరోజులో టెన్సెంట్ షేరు 12 శాతం పడింది, కొన్ని వారాల్లో ఆ ముసాయిదా వెబ్‌సైట్ నుంచి మాయమైంది. నన్నడిగితే అసలు కావలసిన నిబంధన అదే, పిల్లాడి గడియారం మీద కాకుండా పెట్టె తయారుచేసేవాడి మీద పెట్టేది. దాన్నే వదిలేశారు.

ఎనిమిదో రోజు, గురువారం

బీజింగ్ విమానాశ్రయం. రేపు శుక్రవారం. తమ్ముడు మధ్యాహ్నానికే షెంజెన్ విమానం ఎక్కేశాడు, పక్క ఫ్లాట్ అబ్బాయికి మావాడు యున్‌గాంగ్‌లో కొన్న చిన్న కోతి రాజు బొమ్మ ఒకటి, నైనైకి నేను మన జీడిపప్పు ప్యాకెట్ ఒకటి ఇచ్చి పంపాను. తమ్ముడి మెసేజి ఇంకా రాలేదు.

గేటు దగ్గర కూర్చున్నాం. మావాడు చాలాసేపు ఏదో ఆలోచించి, "అమ్మా, ఇంటికెళ్లాక నాకు టైమ్ ఎంత?" అన్నాడు.

"నువ్వే చెప్పు" అన్నాను.

"రోజుకి గంట చాలు. తాతయ్య ఫోన్ ముట్టుకోను. కానీ మ్యాచ్ మధ్యలో మాత్రం పిలవద్దమ్మా."